లగ్జరీ క్రూయిజ్ కంపెనీలకు బహిరంగ లేఖ: డబ్బు కట్టించుకునే ముందే ఈ సంగతులు చెప్పండి

సముద్ర విహార ఓడలు నడిపే సంస్థల యాజమాన్యాలకు,

నమస్కారం.

నాకు ఓడ ప్రయాణమంటే ప్రాణం. సామాను మళ్లీ మళ్లీ సర్దుకునే పని లేకుండా ఊళ్లు మారిపోవడం, తెల్లారి తెర తీసేసరికి కొత్త రేవు కనిపించడం, రెండో రోజుకే పేరు పెట్టి పలకరించే సిబ్బంది, ఇవన్నీ ఇంకే ప్రయాణంలోనూ ఇంతగా కలిసిరావు. అందుకే ఈ లేఖ రాస్తున్నాను. ప్రయాణికులకు నిజంగా అక్కరకొచ్చే విషయాలు మీ బ్రోషర్లలో చాలావరకు ఉండవు. డిన్నర్ దగ్గర పక్కన కూర్చున్న పాత ప్రయాణికులెవరో చెబితే తెలుస్తాయి. అప్పటికి డబ్బు కట్టేసి ఉంటాం, ఓడ రేవు దాటి ఉంటుంది, తెలుసుకుని చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండదు. ఆ సంగతులన్నీ మీకు మాకంటే బాగా తెలుసు. వాటిని బుకింగ్ సమయంలోనే, మామూలు మాటల్లో, ఒకే పేజీలో చెప్పమని అడుగుతున్నాను.

మొదట రేవుల పేర్ల గురించి. మీ ప్రయాణ పట్టికలో ‘రోమ్’ అని ఉంటుంది. ఓడ ఆగేది చివితావెక్కియాలో, రోమ్‌కు 70 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. ‘ప్యారిస్’ అని రాసిన చోట ఓడ ఆగేది లె హావ్ర్‌లో, అక్కడి నుంచి ప్యారిస్ దాదాపు 200 కిలోమీటర్లు. ‘బెర్లిన్’ అంటే బాల్టిక్ తీరంలోని వార్నెముండే, వెళ్లడానికి మూడు గంటలు, రావడానికి మూడు గంటలు. వెనిస్ విషయంలో ఇది ఇంకా ఎక్కువైంది. 2021 ఆగస్టు 1 నుంచి ఇటలీ ప్రభుత్వం 25,000 టన్నులు దాటిన ఓడలను నగరం నడిబొడ్డున ఉన్న శాన్ మార్కో చౌక్ ముందు నుంచి, జ్యుడెక్కా కాలువలోంచి వెళ్లనివ్వడం లేదు. మంచి నిర్ణయం, ఆ నగరాన్ని కాపాడుకోవాలంటే అవసరమైన నిర్ణయం. కానీ ఆ తర్వాత చాలా ఓడలు రవెన్నాలోనో, ట్రియెస్టెలోనో ఆగుతున్నా పట్టికలో వెనిస్ పేరు పెద్దక్షరాల్లో అలాగే ఉంది. అసలు రేవు పేరు పక్కన సన్నగా కనిపిస్తుంది. రవెన్నా నుంచి వెనిస్‌కి బస్సులో రెండు గంటల పైమాటే.

రేవులో ఓడ పది గంటలు ఆగుతుందనుకుంటే, అందులో నాలుగైదు గంటలు రోడ్డు మీదే గడిచిపోతాయి. ఇది ముందే తెలిస్తే మనిషి వేరేలా ఆలోచిస్తాడు. లె హావ్ర్‌లో దిగి ప్యారిస్ కోసం పరుగెత్తే బదులు, నార్మండీ వంతెన దాటి ఓంఫ్లర్ పాత రేవులో తీరిగ్గా తిరగొచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమయ్యాక వాస్తుశిల్పి ఓగుస్త్ పెరే కాంక్రీటుతో మళ్లీ కట్టిన లె హావ్ర్ నగర కేంద్రాన్నే చూడొచ్చు, 2005లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చివితావెక్కియాలో దిగేవాళ్లు రోమ్ ఇదివరకే చూసి ఉంటే, దగ్గర్లోనే ఉన్న తార్క్వీనియాకి వెళ్లి, రోమన్లకంటే ముందు అక్కడ వర్ధిల్లిన ఎట్రస్కన్ల సమాధుల గోడల మీది రంగుల బొమ్మలు చూసి, హడావిడి లేకుండా ఓడకి తిరిగి రావచ్చు. నా అభిప్రాయంలో ఇవి పెద్ద నగరాల టూర్లకు ఏమాత్రం తీసిపోవు. ప్రతి రేవు పక్కన రెండే రెండు అంకెలు వేయండి: పట్టికలో రాసిన నగరం ఎంత దూరం, అక్కడికి ఎంత సేపు.

ఇక టెండర్ రేవులు. ఓడ గట్టుకి ఆనుకోకుండా దూరంగా ఆగితే, చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు. గ్రీసులోని శాంటోరిని దీవి అలాంటిదే, కరీబియన్‌లోని గ్రాండ్ కేమన్ కూడా అంతే. మీ పట్టికలో దీనికి ఒక చిన్న గుర్తు ఉంటుంది, అంతే. ఆ గుర్తు వెనక ఏముందో ఒక రేవులో నేను దగ్గర నుంచి చూశాను. ఓడ కింది డెక్‌లో, నీటికి కాస్త ఎత్తులో, పక్కగోడ తలుపు తెరిచారు. బయట పడవ తాళ్లతో కట్టి ఉంది. అల వచ్చినప్పుడల్లా పడవ అంచు మోకాలెత్తు లేచి, మళ్లీ కిందికి జారుతోంది. ఇద్దరు నావికులు చెరో పక్క నిలబడి, ఒక్కొక్కరి మోచేయి పట్టుకుని, పడవ పైకి లేచిన క్షణం చూసి ‘ఇప్పుడు’ అంటూ దాటిస్తున్నారు. వరుసలో చక్రాల కుర్చీలో ఒక పెద్దావిడ. ఎండ టోపీ పెట్టుకుని, ఒళ్లో బ్యాగు పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఒక ఆఫీసర్ వచ్చి ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చుని, ‘ఇవాళ అలలు ఎక్కువగా ఉన్నాయి మేడమ్, కుర్చీతో దింపలేం’ అన్నాడు. ఆయన చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. వెనక నిలబడిన కూతురు మాత్రం, ‘టికెట్ కొన్నప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదు?’ అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆ ఆఫీసర్ కాదు, మీరు.

ఒక ప్రయాణంలో ఎన్ని రేవులు టెండర్ రేవులో, వాటిలో చక్రాల కుర్చీతో దిగడం కుదురుతుందో లేదో, గాలి ఎక్కువైతే ఆ రేవు మొత్తానికే రద్దయ్యే అవకాశం ఎంత ఉందో మీ దగ్గర ఏళ్ల తరబడి లెక్కలు ఉంటాయి. అవి బయట పెట్టండి. పడవ దిగాక ఏముందో కూడా చెప్పండి. శాంటోరినిలో పాత రేవు నుంచి ఫిరా ఊరికి చేరాలంటే కేబుల్ కార్, లేదంటే దాదాపు 600 మెట్లు. ఒకే రోజు రెండు మూడు పెద్ద ఓడలు వచ్చాయంటే కిందికి దిగే కేబుల్ కార్ కోసం చాంతాడంత క్యూ ఉంటుంది. చివరి పడవకి చాలా ముందే కొండ దిగడం మొదలుపెట్టాలని పాత ప్రయాణికులు కొత్తవాళ్లకి చెబుతుంటారు. ఆ మాట మీ రోజువారీ కరపత్రంలో మొదటి వాక్యంగా ఉండాలి. (అక్కడ గాడిదల మీద కూడా ఎక్కిస్తారు. ఎండలో ఆ మెట్ల మీద వాటి అవస్థ చూసినవాళ్లెవరూ ఎక్కమని చెప్పరు.)

అంటార్కిటికా ప్రయాణాలకి ఇదే మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. అక్కడి నియమాల ప్రకారం ఒక చోట ఒకేసారి వంద మందికి మించి ఒడ్డు మీద ఉండకూడదు. 500 మందికి పైగా ప్రయాణికులున్న ఓడ నుంచి అసలు ఎవరినీ దింపకూడదు. అంటే పెద్ద ఓడలో వెళ్తే మంచు కొండలు డెక్ మీద నుంచి చూసి రావడమే. అలా చూడటం కూడా గొప్ప అనుభవమే, కాదనను. కానీ పెంగ్విన్ల మధ్య మనుషులు నిలబడిన ఫొటోతో ఆ టికెట్ అమ్మకండి.

క్యాబిన్ ఎంచుకోవడం దగ్గర కొత్తవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది. మీ పేజీలో మంచం, బాల్కనీ, పూలగుత్తి ఫొటోలు ఉంటాయి. ఆ గది పైన ఏముందో, కింద ఏముందో ఉండదు. ఈత కొలను ఉన్న డెక్‌కి సరిగ్గా కింద గది వస్తే తెల్లవారుజామున నిద్ర ఉండదు. ముందు తడి నేల తుడిచే యంత్రం గర్రుమంటుంది, తర్వాత పడక కుర్చీలు ఒక్కొక్కటే లాగి వరుసలో పెడుతుంటారు, ప్రతి కుర్చీ కాలూ మన సీలింగ్ మీద గీత గీసినట్టే వినిపిస్తుంది. ఓడ ముందు భాగంలో కింది డెక్‌లో గది అయితే, రేవు చేరే వేళకి బో థ్రస్టర్లు (ఓడ ముక్కుని పక్కకి తిప్పే పంకాలు) తిరిగి గోడలు అదురుతాయి, లంగరు గొలుసు దిగే శబ్దానికి ఉలిక్కిపడి లేస్తాం. బాగా వెనక గదుల్లో ఇంజిన్ అదురు తెలుస్తుంది. కొన్ని బాల్కనీల ముందు లైఫ్ బోటు వేలాడుతూ సముద్రం సగమే కనిపిస్తుంది. ఓడ మధ్యలో, కింది డెక్‌లలో ఉన్న గదులకి ఊపు తక్కువ. స్టెబిలైజర్ రెక్కలు అటూ ఇటూ ఒరిగే ఊపుని బాగా తగ్గిస్తాయి గానీ, ముందుకీ వెనక్కీ ఎగిరిపడే ఊపుని అంతగా ఆపలేవు. కాబట్టి కడుపులో తిప్పే స్వభావం ఉన్నవాళ్లు పై డెక్‌లో ముందువైపు ఉన్న ఖరీదైన సూట్ కంటే, మధ్యలో ఉన్న మామూలు గదిలోనే హాయిగా ఉంటారు. మీ అమ్మకం సిబ్బంది మాతో ఈ మాట అనగా నేను వినలేదు. డాక్టర్‌ని అడిగి తెచ్చుకున్న మందు కూడా ఓడ ఊగక ముందే వేసుకోవాలి, వికారం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు. అప్పుడు డెక్ మీదికి వచ్చి దూరాన ఆకాశం సముద్రం కలిసే గీత వైపు చూస్తూ కూర్చోవడం మేలు.

డెక్ ప్లాన్‌లో ప్రతి క్యాబిన్‌కీ పైనా కిందా ఏముందో ఒక్క క్లిక్‌తో చూపించడం మీకు పెద్ద పని కాదు. ఒంటరిగా వచ్చేవాళ్ల దగ్గర ఇద్దరి డబ్బు వసూలు చేసే పద్ధతిని కూడా ఈసారైనా గట్టిగా ఆలోచించండి. 2010లో నార్వీజియన్ ఎపిక్ ఓడ ఒక్కరి కోసమే చిన్న గదులు కట్టి చూపించింది. భార్యో భర్తో పోయాక ధైర్యం చేసి ఒంటరిగా బయల్దేరే పెద్దవాళ్లు మీ ఓడల్లో చాలామంది ఉన్నారు. వాళ్లకి రెండింతల టికెట్ న్యాయం కాదు.

టికెట్‌లో ఏమేం కలిసి ఉన్నాయన్నది సంస్థకో తీరు. రీజెంట్ సెవెన్ సీస్ టికెట్‌లో డ్రింకులు, టిప్పులు, ఒడ్డు మీది టూర్లలో చాలా భాగం కలిసే ఉంటాయి. వైకింగ్‌లో ప్రతి రేవులో ఒక టూర్, భోజనంతో పాటు వైన్, బీర్ వస్తాయి. ఇంకొన్ని చోట్ల రోజువారీ టిప్పులు విడిగా ఖాతాలో పడతాయి, బార్ బిల్లు మీద సర్వీస్ చార్జి మళ్లీ వేరు. ఏ పద్ధతైనా నాకు అభ్యంతరం లేదు. ఇద్దరు మనుషులు మామూలుగా ప్రయాణం చేస్తే, దిగే రోజు వాళ్ల చేతికి వచ్చే బిల్లు ఎలా ఉంటుందో నమూనా ఒకటి చూపించండి చాలు. స్పా, లాండ్రీ, ఇంటర్నెట్, డాక్టర్ ఫీజు అన్నీ అందులో ఉండాలి. ఫోన్ సంగతి కూడా రాయండి. సముద్రం మధ్యలో ఫోన్ ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్‌ని పట్టుకుంటే రోమింగ్ బిల్లు తడిసి మోపెడవుతుంది. ఓడ కదలగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టుకోవాలని ఇప్పటికీ ఎంతమందికి తెలియదో!

టిప్పుల మాట వచ్చింది కాబట్టి సిబ్బంది గురించి కూడా. 2013 ఆగస్టులో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం, పని గంటలకు హద్దు పెట్టుకున్న దేశాల్లో, రోజుకి 14 గంటలు, వారానికి 72 గంటలు మించకూడదంటుంది. విశ్రాంతి గంటలకు హద్దు పెట్టుకున్న దేశాల్లో అయితే రోజుకి కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు ఇవ్వాలి. అదే కనీస ప్రమాణం అంటేనే వాళ్ల రోజు ఎంత పొడుగో అర్థమవుతుంది. ఉదయం గది సర్దిన మనిషే రాత్రి దుప్పటి మడత విప్పి వెళ్తాడు. మేం కట్టే టిప్పు అతనికి ఎంత చేరుతుంది, లాండ్రీలో, వంటగదిలో మాకు కనిపించకుండా పనిచేసేవాళ్లకి ఎంత చేరుతుంది? తెలిస్తే మేం ఇంకాస్త సంతోషంగా ఇస్తాం. ఆ లెక్క దాచడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించడం లేదు.

ఆరోగ్యం విషయంలో దాపరికం మరీ ప్రమాదం. ఓడలో డాక్టర్ ఉంటాడు, ఎక్స్‌రే ఉంటుంది, ప్రాణం నిలబెట్టే తొలి చికిత్స జరుగుతుంది. కానీ అది ఆసుపత్రి కాదు. గుండెపోటు వచ్చినవాళ్లని హెలికాప్టర్‌లో తరలించాలంటే తీరం అందేంత దూరంలో ఉండాలి, వాతావరణం అనుకూలించాలి, ఖర్చు చాలా భారీగా ఉంటుంది. ఇంట్లో పనిచేసే ఆరోగ్య బీమా ఓడలో పనిచేయకపోవచ్చు. అత్యవసర తరలింపుని కవర్ చేసే ప్రయాణ బీమా లేకుండా ఎవరూ ఎక్కకూడదని నేను గట్టిగా నమ్ముతాను. 24వ వారం దాటిన గర్భిణులను చాలా సంస్థలు ఎక్కనివ్వవు, ఈ సంగతి రేవు దగ్గర కౌంటర్‌లో తెలియడం ఎంత దారుణం! మందులు పెద్ద సూట్‌కేసులో పెట్టి రేవులో ఇచ్చేస్తే అది గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు, చేతి సంచిలోనే ఉంచుకోమని ముందే చెప్పండి.

వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ గురించి కూడా మొహమాటం వద్దు. భోజనశాల గుమ్మంలో సిబ్బంది నవ్వుతూ చేతుల్లో శానిటైజర్ కొడతారు. ఆ వైరస్ మీద ఆల్కహాల్ జెల్ సరిగా పనిచేయదు, సబ్బుతో నీళ్ల కింద బాగా రుద్ది కడుక్కోవాల్సిందే. శానిటైజర్ సీసా ఉన్న ప్రతి చోటా చేతులు కడుక్కునే తొట్టి ఉండాలి. అమెరికా రేవులకు వచ్చే ఓడలను అక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ పరిశుభ్రత తనిఖీ చేసి వందకి మార్కులు వేస్తుంది, 86 వస్తేనే పాస్. ఆ మార్కులు ఎవరైనా చూడొచ్చు. మీ ఓడ పేజీలో మీరే పెడితే ఎంత బాగుంటుంది!

గడియారం విషయం చిన్నదిగా కనిపిస్తుంది. ఓడ టైమ్ ఒకటి, ఊరి టైమ్ ఇంకొకటి ఉండొచ్చు, ఫోన్ దానంతట అదే ఊరి టైమ్‌కి మారిపోతుంది. మీ టూర్‌లో వెళ్లి ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఆగదు. 2024 మార్చిలో ఆఫ్రికా పశ్చిమాన సావో టోమే దీవిలో ఎనిమిది మంది ఇలాగే ఉండిపోయారు. తర్వాతి రేవులో ఓడ అందుకుందామని గాంబియా దాకా వెళ్తే, సముద్రం అనుకూలించక ఓడ అక్కడ ఆగలేదు. చివరికి సెనెగల్ వెళ్లాల్సి వచ్చింది. మందులు, సామాను ఓడలోనే ఉండిపోయాయి. కెప్టెన్‌కి రేవు నిబంధనలు ఉంటాయని నాకు తెలుసు. ఓడ దిగే దారి (గ్యాంగ్‌వే) దగ్గర పెద్ద గడియారం పెట్టి, ఆ రేవులోని మీ ఏజెంట్ ఫోన్ నంబరున్న చీటీ ప్రతి ఒక్కరి చేతిలో పెడితే ఇలాంటివి చాలావరకు తప్పుతాయి. ప్రయాణం మొదలయ్యే ఊరికి ఒక రోజు ముందే చేరుకోమని కూడా చెప్పండి, విమానం ఆలస్యమైతే ఓడ కోసం ఎక్కడెక్కడో పరుగెత్తే బాధ ఉండదు.

భద్రతా డ్రిల్లు గురించి నాకు చాలా పట్టుదల ఉంది. 2012 జనవరి 13న కోస్టా కాంకార్డియా ఓడ ఇటలీలోని జిలియో దీవి దగ్గర రాయిని ఢీకొని ఒరిగిపోయింది, 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే చివితావెక్కియాలో ఎక్కినవాళ్లకి ఇంకా డ్రిల్లు జరగనే లేదు. అప్పటి నియమం 24 గంటల గడువు ఇచ్చేది. 2015 జనవరి 1 నుంచి ఓడ బయల్దేరే ముందు గానీ, బయల్దేరిన వెంటనే గానీ డ్రిల్లు జరగాలని సోలాస్ (అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందం) నియమం మార్చారు. ఇప్పుడు చాలా ఓడల్లో ఫోన్‌లో వీడియో చూసి, గుమికూడే చోటికి వెళ్లి కార్డు చూపిస్తే సరిపోతోంది. జనం వీడియో ఆన్ చేసి బాల్కనీలో డ్రింకు తాగుతూ కూర్చోవడం నేను చూశాను. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే ఏ మెట్ల మీదుగా ఎటు వెళ్లాలో చీకట్లో కూడా కాళ్లకి తెలిసి ఉండాలి. పాత పద్ధతిలో అందరినీ నిలబెట్టి, లైఫ్ జాకెట్ కట్టించి చూపించండి. అరగంట పోతే పోయింది.

చివరిగా కాంట్రాక్టు. మేం ఎవరూ చదవని ఆ పొడుగాటి పత్రం మీకు చాలా హక్కులిస్తుంది. రేవు మార్చొచ్చు, రద్దు చేయొచ్చు, దావా వేయడానికి గడువు పెట్టొచ్చు, ఏ ఊరి కోర్టులో వేయాలో కూడా మీరే రాయొచ్చు. ఓడ వంటగది చూపించే టూర్‌లో జారిపడిన ఒక ప్రయాణికురాలి కేసులో, టికెట్ మీద అచ్చేసిన షరతు ప్రకారం ఫ్లోరిడాలోనే దావా వేయాలని అమెరికా సుప్రీంకోర్టు 1991లో తేల్చింది. ఆవిడ ఉండేది దేశానికి ఆ చివరన, వాషింగ్టన్ రాష్ట్రంలో. చట్టం మీ పక్కన ఉంది, నిజమే. అందుకే ఆ షరతుల్లో మా మీద ప్రభావం చూపేవాటిని మామూలు భాషలో చెప్పే బాధ్యత కూడా మీదే. కట్టిన అడ్వాన్సు ఎక్కడ ఉంటుందో కూడా చెప్పండి. 2022 జనవరిలో క్రిస్టల్ క్రూయిజెస్ మాతృసంస్థ కుప్పకూలినప్పుడు, ఇంధనం బాకీ మీద ఓడనే పట్టుకోమని వారెంట్ ఉండటంతో క్రిస్టల్ సింఫనీ ఓడ ప్రయాణికులతో సహా మయామీకి బదులు బహామాస్‌లోని బిమినీకి మళ్లింది. ముందే డబ్బు కట్టినవాళ్లు రీఫండ్ కోసం తిరగాల్సి వచ్చింది. ఆ తర్వాత కొత్త యజమాని చేతుల్లో ఆ ఓడలు మళ్లీ తిరుగుతున్నాయి, సంతోషం. అయినా మా అడ్వాన్సు విడి ఖాతాలో భద్రంగా ఉందా లేదా అన్నది మేం కట్టే ముందే తెలియాలి.

ఇలాంటి పేజీ రాయడం మీకు కొత్తేమీ కాదు. 2013 ఫిబ్రవరిలో కార్నివాల్ ట్రయంఫ్ ఓడ ఇంజిన్ గదిలో మంటలు లేచి, కరెంటు లేక ప్రయాణికులు నానా అవస్థలు పడ్డాక, కొన్ని నెలల్లోనే క్రూయిజ్ సంస్థలన్నీ కలిసి పెట్టుకున్న మీ సంఘం క్లియా ప్రయాణికుల కోసం పది హక్కుల పత్రం విడుదల చేసింది. పది అంశాలు, అందరికీ అర్థమయ్యే భాష. ఒక ప్రమాదం తర్వాత చేయగలిగినది ఏ ప్రమాదమూ లేనప్పుడు ఇంకా సులువుగా చేయొచ్చు.

వచ్చే సీజన్ బుకింగ్‌లు తెరిచేలోగా, ప్రతి ప్రయాణం పక్కన ఆ పేజీ పెట్టండి. అసలు రేవుల పేర్లు, దూరాలు, టెండర్ రేవులు ఎన్ని, క్యాబిన్ చుట్టూ ఏముంది, నమూనా బిల్లు, డాక్టర్ ఫీజులు, టిప్పుల పంపకం, అడ్వాన్సు భద్రత. ‘పే’ బటన్‌కి పైన పెట్టండి, కింద వద్దు. ముందుగా పెట్టిన సంస్థ పేరు నాకు తెలిసిన ప్రయాణికులందరికీ నేనే చెబుతాను, నా తర్వాతి టికెట్ కూడా వాళ్ల దగ్గరే కొంటాను.

ఇట్లు,
మీ ఓడల్లో తరచూ ప్రయాణించే ఒక ప్రయాణికురాలు